చేపల ట్యాంక్ వెనక నల్ల పేపర్ వెండి రేకులా మెరుస్తోందా? మధ్యలో గాలి ఉంది

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే మొదటి ట్యాంక్ పెట్టినప్పుడు నేనూ అచ్చం ఇదే చేశా. మీది 3 అడుగుల ట్యాంక్, వెనక హీటర్ వైరు, ఫిల్టర్ పైపులు, గోడ మీద ప్లగ్గులు అన్నీ కనిపిస్తున్నాయని నల్ల చార్ట్ పేపర్ తెచ్చి నాలుగు మూలలా సెల్లోటేప్ వేశారు, ఎదురుగా చూస్తే ఏదో బూడిద రంగులో పర్లేదనిపిస్తోంది, పక్క గాజులోంచి చూస్తే మాత్రం వెండి రేకులా మెరుస్తోంది, పైగా ఒకచోట నీళ్ళు కారి పేపర్ తడిసిన దగ్గర మాత్రం భలే చిక్కటి నలుపు వచ్చింది, ఇదేంటి, పెయింట్ వేసేయమంటారా, చేపలు భయపడవా అని అడిగారు. కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిక పట్టండి.

ముందు ఆ తడి మచ్చ గురించి, ఎందుకంటే మీకు కావాల్సిన జవాబు అందులోనే ఉంది. అక్కడా పక్కనా ఉన్నది అదే పేపర్, అదే నలుపు. తేడా ఏంటంటే తడిసిన చోట పేపర్‌కీ గాజుకీ మధ్య నీళ్ళున్నాయి, మిగతా చోట గాలి ఉంది. ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి చేత్తో పట్టుకుని పైనుంచి ఏటవాలుగా లోపలికి చూడండి, గ్లాసు గోడ అద్దంలా మెరుస్తుంది, బయట పట్టుకున్న మీ వేళ్ళు సరిగ్గా కనిపించవు. ఇప్పుడు బొటనవేలు తడి చేసి గట్టిగా నొక్కండి, వేలి ముద్రల గీతలతో సహా కనిపిస్తుంది. నీళ్ళలోంచి గాలిలోకి పోవాల్సిన వెలుతురు సుమారు 49 డిగ్రీలు దాటి వాలుగా తగిలిందంటే బయటికి పోదు, మొత్తం లోపలికే తిరిగొచ్చేస్తుంది. మీ పక్క గాజులోంచి చూసినప్పుడు చూపు వెనక గాజుకి అంత వాలుగానే తగులుతుంది, అందుకే అక్కడ మీకు కనిపించేది పేపర్ కాదు, ట్యాంక్ ప్రతిబింబం. ఎదురుగా చూసినప్పుడు అంత ఘోరం జరగదు గానీ పైన లైటు వెలుతురు ఆ సందులోకి దిగి పేపర్ మీది దుమ్మునీ ముడతల్నీ గాజు వెనక తెల్ల చారల్నీ వెలిగిస్తుంది, ఆ బూడిద రంగు దాని వల్లే.

కాబట్టి ఇంకా నల్లటి పేపర్ కోసమో ఖరీదైన షీట్ కోసమో వెతక్కండి. సందులో గాలి తీసేయండి, అదే పేపర్ స్థానంలో ఏ నల్ల షీట్ ఉన్నా చిక్కగా కనిపిస్తుంది. పెయింట్ అంత బాగా కనిపించడానికి కారణం కూడా ఇదే, అది గాజుకి అతుక్కుపోతుంది, మధ్యలో గాలికి చోటుండదు. అందుకే పెయింట్ మ్యాట్ కొనాలా గ్లాసీ కొనాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, మనం చూసేది గాజుకి అంటిన వైపు, ఆ మెరుపు ఉన్న వైపు గోడ చూస్తుంది. అదే షీట్‌ని సందుతో ఊరికే నిలబెట్టేటట్టయితే మాత్రం మ్యాట్ తీసుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఆ అద్దం మీకే కాదు, లోపలున్న చేపకి కూడా అద్దమే. వెనక గాలి సందు, దాని వెనక నలుపు, అంటే చేపకి తన బొమ్మ ఇంకా బాగా కనిపిస్తుంది. ఫైటర్ చేప ఉన్నవాళ్ళు నల్ల పేపర్ పెట్టిన రోజు నుంచి మా వాడు వెనక గాజు దగ్గర రెక్కలు విప్పుకుని కొట్లాటకి దిగుతున్నాడు అంటుంటారు, కారణం ఇదే. గాజుకి అతికి ఉన్న ఫిల్మ్ అయితే ఆ ప్రతిబింబం బాగా తగ్గిపోతుంది.

ఇక మీ పరిస్థితి. ట్యాంక్ నడుస్తోంది, చేపలున్నాయి, గోడకి దగ్గరగా ఉంది. కాబట్టి పెయింట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ట్యాంక్‌ని నీళ్ళతో జరిపే ఆలోచన అసలే వద్దు. మీ ట్యాంక్ 36 ఇంటూ 15 ఇంటూ 18 అంగుళాలు అన్నారు, అది నిండా పోస్తే 159 లీటర్లు, లీటరుకి కిలో చొప్పున నీళ్ళే 150 కిలోల దగ్గర, గులకరాళ్ళు, గాజు కలిపితే 200 కిలోలు. ఇద్దరు పట్టుకుని "కొంచెం ముందుకి లాగుదాం" అన్నారంటే ఒక మూల ముందు కదిలి ఇంకో మూల కదలక సిలికాన్ అతుకు మీద మెలి పడుతుంది. అప్పటికప్పుడు ఏం కాకపోవచ్చు, వారం తర్వాత తెల్లారి లేచేసరికి కార్పెట్ తడిగా ఉంటుంది. సగం నీళ్ళు తీశాం కదా అని ధైర్యం చేసేవాళ్ళు కూడా ఉన్నారు, సగం తీసినా ఇంకా నూరు కిలోలు పైనే ఉంటుంది అని వాళ్ళకి లెక్క చెప్పాలి.

నడుస్తున్న ట్యాంక్‌కి నేను చేసే పద్ధతి చెప్తా. గోడకీ ట్యాంక్‌కీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటే చాలు, 3 అంగుళాలున్నా ఎలాగోలా అయిపోతుంది. మొదట లైటు ఆపి, పైన మూత పూర్తిగా మూసి, మూత లేకపోతే పాత టవల్ కప్పండి. వెనక గాజు బయటి వైపు తెల్లగా కారిన చారలుంటాయి, అవి నీళ్ళలోని సున్నం ఆరి పట్టిన చారలు, బట్టకి వెనిగర్ తడిపి రుద్దితే పోతాయి, తర్వాత మామూలు నీళ్ళ బట్టతో తుడిచి పొడి బట్టతో ఆరబెట్టండి. స్ప్రే చేసే గ్లాస్ క్లీనర్లు ట్యాంక్ దగ్గరికి రానివ్వకండి, చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, మనం ఫిల్టర్ పెట్టి నెలల తరబడి పోగొట్టుకునేదే అమ్మోనియా కదా. ఏది వాడినా బట్ట మీద వేసుకోండి, గాజు మీద కొట్టొద్దు.

తర్వాత షీట్. చార్ట్ పేపర్ దీనికి పనికిరాదు, తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరాక అలలు అలలుగా అయిపోతుంది. అక్వేరియం బ్యాక్‌గ్రౌండ్ అని రోల్‌గా అమ్మే ప్లాస్టిక్ షీట్ ఒకవైపు నలుపు ఒకవైపు నీలం ఉంటుంది చూడండి, అది చాలు. గాజు కొలతకి సరిగ్గా కాకుండా అన్ని వైపులా ఒక పావు అంగుళం తక్కువ కత్తిరించండి, మూలల్లో సిలికాన్ అతుకుల మీదికి పోకూడదు. షీట్‌ని నేల మీద పరిచి నలుపు వైపు పెట్రోలియం జెల్లీ పల్చగా, నిజంగా పల్చగా, బ్రెడ్డుకి వెన్న రాసినట్టు కాకుండా చేతికి క్రీమ్ రాసుకున్నట్టు పులమండి. పై అంచు ముందు గాజుకి ఆనించి, ఒక పాత ఏటీఎం కార్డుతో మధ్యలోంచి అంచులకి తోసుకుంటూ కిందికి రండి. ఇక్కడే మజా, ఒకళ్ళని ముందు కూర్చోబెట్టి చూడమనండి, కార్డు పోయిన దారంతా బూడిద రంగు కరిగి నల్లగా అవుతూ వస్తుంటే "ఆ, అక్కడ, ఇంకొంచెం ఎడమకి" అని వాళ్ళే అరుస్తారు. గాలి బుడగ మిగిలితే లోపలినుంచి వెండి చుక్కలా కనిపిస్తుంది, దాన్ని అంచు దాకా తోసేయాలి. అయిపోయాక పై అంచు మీద పొడుగునా టేప్ వేసేయండి, పై నుంచి నీటి చుక్క గానీ వెలుతురు గానీ దిగకుండా.

జెల్లీ బదులు వంటనూనె వాడమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పని చేస్తుంది, మొదటి రోజు అద్భుతంగా ఉంటుంది, నేనూ వేశా. కొన్ని నెలలకి అది జిగురులా పసుపు తిరిగి కిందికి కారి స్టాండ్ మీదకొచ్చింది, దాని వెంట చీమలొచ్చాయి, ఆ స్టాండ్ ప్లై అంచు ఇప్పటికీ జిడ్డుగానే ఉంది. గ్లిజరిన్ అయితే ఆ బాధ లేదు, నీళ్ళతో కడిగేస్తే పోతుంది, కాకపోతే పల్చగా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ రాయాలి.

అంటుకునే వినైల్ స్టిక్కర్ అన్నిటికంటే శుభ్రమైన పని, కానీ దానికి వెనక నిలబడి రెండు చేతులా పని చేసేంత చోటు కావాలి, గాజు మీద సబ్బు నీళ్ళు కొట్టి స్టిక్కర్ జరుపుతూ సర్దాలి. ఖాళీ ట్యాంక్‌కి ఇది చేయండి. చేపలున్న ట్యాంక్ పక్కన సబ్బు నీళ్ళ సీసా పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఒక్క తుంపర పోయినా మొప్పలకి మంచిది కాదు. సబ్బు లేకుండా పొడిగా అంటించబోతే మాత్రం మొదటిసారి బుడగలు గ్యారంటీ.

అసలు చెయ్యే దూరదు, వేలు మాత్రమే పోతుంది అంటే ఒక సన్నటి గట్టి ఫోమ్ బోర్డు నల్లది, మ్యాట్‌ది, గాజు సైజుకి కోసి పై నుంచి జారవిడిచి, గోడ వైపు రెండు మడతలు పెట్టిన అట్ట ముక్కలు కుక్కండి, బోర్డు గాజుకి ఒత్తుకుని నిలబడుతుంది. గాలి ఉంటుంది, పక్కనుంచి మెరుపు ఉంటుంది, కానీ మీరు సోఫాలో ఎదురుగానే కూర్చునేవాళ్ళయితే వైర్లు మాయమవుతాయి, అదే కదా కావాల్సింది. పక్కనుంచి చూసే అలవాటుంటే ఆ పక్క గాజుకి కూడా నలుపు వేసేయండి, గొడవ వదిలిపోతుంది. తలుపు పక్కన, జనం అటూ ఇటూ తిరిగే వైపు ఉన్న గాజు మూసేస్తే చేపలకి కూడా ప్రశాంతంగా ఉంటుంది.

పెయింట్ గురించి, ఎప్పుడైనా ట్యాంక్ మార్చినప్పుడో ఖాళీ చేసినప్పుడో వేసుకోడానికి. నా ట్యాంకులు ఇప్పుడు దాదాపు అన్నీ పెయింట్ వేసినవే, ఒకసారి వేస్తే మళ్ళీ దాని సంగతి ఆలోచించక్కర్లేదు. నీళ్ళలో కలిసే రకం యాక్రిలిక్ పెయింట్, నలుపు, చిన్న ఫోమ్ రోలర్. గాజు బయటి వైపే వేయాలి, లోపల వైపు ఏ పెయింటూ వేయకండి. అతుకుల మీద మాస్కింగ్ టేప్ వేసి ట్యాంక్‌ని ముందు గాజు మీద బోర్లా పడుకోబెట్టి, కింద మెత్తగా దుప్పటి పరిచి, పల్చగా ఒక కోటు లాగండి. మొదటి కోటు చూసి మీకు ఏడుపొస్తుంది, చారలు చారలుగా, అక్కడక్కడా గాజు కనిపిస్తూ, ఏదో పిల్లలు పులిమినట్టుంటుంది. కంగారు పడి దాని మీదే ముద్దగా వేశారంటే ఎండాక పొరలా ఊడిపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా, అలా మూడు నాలుగు పల్చటి కోట్లు. తర్వాత గది చీకటి చేసి ట్యాంక్ లోపల టార్చ్ వెలిగించి పెట్టి వెనకనుంచి చూడండి, నక్షత్రాల్లా సూది బెజ్జాలు కనిపిస్తాయి, ఒక్కోదాని మీద చుక్క పెట్టండి. రెండు రోజులు ఆరాకే నీళ్ళు పోయండి, తడి ఆరని పెయింట్ మీద నీళ్ళు కారితే అంచులు లేస్తాయి.

నచ్చకపోతే తీసేయొచ్చా అంటే గాజు మీదయితే హాయిగా, నీళ్ళతో తడిపి బ్లేడు ఏటవాలుగా పెట్టి గీస్తే చుట్టలు చుట్టుకుని వస్తుంది. యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు పెట్టారో అంతే, గీతలు జీవితాంతం ఉంటాయి, స్ప్రే పెయింట్‌లోని ద్రావకాలకి సన్నటి పగుళ్ళు కూడా రావచ్చు, అలాంటి ట్యాంక్‌కి షీటే దిక్కు. ఇంకోటి, ఏ గాజుకి పెయింట్ వేయాలో ముందే నాలుగు వైపులా తిప్పి చూసుకోండి, ఎక్కువ గీతలున్నది వెనక్కి పోవాలి. నేను ఒకసారి అద్దంలా ఉన్న గాజుకి శ్రద్ధగా నాలుగు కోట్లు వేసి, గీతలున్న దాన్ని ముందు పెట్టుకుని ఏడాది చూశా.

స్ప్రే డబ్బా మాత్రం ట్యాంకులు నడుస్తున్న ఇంట్లో కొట్టకండి, పక్క గదిలో అయినా సరే. ఎయిర్ పంప్ చేసే పని ఏంటి, గదిలో గాలి పీల్చి నీళ్ళలోకి పంపడం. ఆ గాలిలో పెయింట్ ఆవిరి ఉంటే అది కూడా నీళ్ళలోకే. ఫైటర్లు, గౌరామీలు ఎలాగూ పైకొచ్చి గాలి పీలుస్తాయి కాబట్టి వాటికి రెండు దారుల్లోనూ దెబ్బే. తెలిసినవాళ్ళొకరు హాల్లో కొత్త ట్యాంక్‌కి స్ప్రే కొట్టుకుంటూ బెడ్‌రూమ్ ట్యాంక్ సంగతి మర్చిపోయారు, సాయంత్రానికి గౌరామీలు నీటి అంచు దగ్గర నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, కిటికీలు తీసి నీళ్ళు మార్చి ఎలాగో గట్టెక్కారు.

ఇప్పుడు చేపల సంగతి. నలుపుకి భయపడవు, తెల్లగా మెరిసే గోడ కంటే చీకటిగా ఉన్న వెనకభాగం దగ్గరే ఎక్కువ చేపలు నిశ్చింతగా ఉంటాయి. పెట్టిన రోజు, మర్నాడు కాస్త మూలకి చేరితే అది మీరు వెనక చేతులు ఆడించినందుకు. తిండికి వస్తే చాలు, వదిలేయండి.

రంగుల విషయంలో మాత్రం అందరూ ఒక మాట మిస్సవుతారు. చేప చర్మంలో నల్ల రంగు కణాలుంటాయి, వాటిలో రంగు గింజలు విచ్చుకుంటే చేప ముదురుగా, ఒకచోటికి ముడుచుకుంటే లేతగా కనిపిస్తుంది. ఇది నిమిషాల్లో గంటల్లో జరిగిపోతుంది, వారాల తరబడి అదే పరిసరాల్లో ఉంటే ఆ కణాల సంఖ్యే మారుతుంది. తేనెటీగల నాట్యం మీద పరిశోధనకి 1973లో నోబెల్ తెచ్చుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఉన్నాడే, ఆయన కుర్రతనంలో పని మొదలెట్టింది ఇలా చేపల చర్మం రంగు మార్పుల మీదే. అసలు విషయం ఏంటంటే చేప కన్ను పై నుంచి వచ్చే వెలుతురునీ, కింద నుంచి తిరిగొచ్చే వెలుతురునీ పోల్చుకుని రంగు సర్దుకుంటుంది. అంటే వెనక గోడ కంటే నేల ముఖ్యం. తెల్ల ఇసుకో మెరిసే తెల్ల గులకరాళ్ళో పరిచి వెనక మాత్రం నలుపు పెట్టి, మా నియాన్ టెట్రాల రంగు పెరగలేదేంటి అంటే ఎలా పెరుగుతుంది. మీ ఫోటోలో తెల్ల రాళ్ళే కనిపిస్తున్నాయి. ముదురు గోధుమ రంగు ఇసుకో నల్ల గ్రావెలో ఉంటే ఎర్రలు, నీలాలు తేలతాయి. రాళ్ళు మార్చేటప్పుడు ఒకేసారి అంతా తీయకండి, మంచి బ్యాక్టీరియా వాటి మీద కూడా ఉంటుంది, రెండు మూడు విడతల్లో చేయండి, ఆ రోజుల్లో ఫిల్టర్ స్పాంజ్ జోలికి పోకండి.

నలుపు నప్పని చేపలూ ఉన్నాయి. బ్లాక్ మోలీ, బ్లాక్ మూర్ గోల్డ్ ఫిష్, బ్లాక్ ఘోస్ట్ లాంటివి నల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు కళ్ళు మాత్రమే ఈదుతున్నట్టుంటాయి, వాటికి ముదురు నీలమో బూడిదో బెటర్. డిస్కస్‌లో పిజియన్ బ్లడ్ రకం పెంచేవాళ్ళయితే నలుపు అసలు వద్దు, ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు లేస్తాయి, అందుకే వాళ్ళ ట్యాంకులు లేత నీలంలో ఉంటాయి. మీవి నియాన్లు, గప్పీలు కాబట్టి హాయిగా పెట్టుకోండి.

పెట్టాక కొత్తగా కొన్ని కనిపిస్తాయి, ముందే చెప్తున్నా. నీళ్ళు ఆవిరై దిగిన దగ్గర తెల్ల గీత, ఇన్నాళ్ళూ కనపడనిది, ఇప్పుడు సున్నం గీసినట్టుంటుంది. తెల్లటి ఎయిర్ ట్యూబ్ నలుపు మీద టార్చ్‌లా కొడుతుంది, నల్లది మార్చుకోండి. నీళ్ళలో తేలే నలుసులు, సన్న బుడగలు అన్నీ కనిపిస్తాయి, నీళ్ళు పాడైపోయాయేమో అనుకోకండి, నిన్న కూడా ఉన్నాయవి. గదిలో లైటు ఎక్కువుంటే ముందు గాజులో మీ మొహం మీకే కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న బల్బు ఆపేస్తే పోతుంది. మొత్తంగా ట్యాంక్ కాస్త చీకటిగా అనిపించి లైటు పెంచాలనిపిస్తుంది, పెంచకండి, నాచు పట్టేస్తుంది. వారంలో కళ్ళు అలవాటు పడతాయి.

చివర్లో త్రీడీ రాళ్ళ బ్యాక్‌గ్రౌండ్ లోపల అంటించాలా అనడిగారు. మీ సైజు ట్యాంక్‌కి నేనైతే వద్దంటాను. 2 అంగుళాల మందం అంటే మీ గాజు కొలతకి 21 లీటర్లు పోయినట్టే, అది థర్మోకోల్ రకమైతే నీళ్ళలో దాదాపు 20 కిలోల బలంతో పైకి తన్నుతూ ఉంటుంది, సిలికాన్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ లేస్తుంది. ఆ సందులోకి చిన్న చేపలు దూరి ఇరుక్కుంటాయి, మీకు వాసన వచ్చాకే తెలుస్తుంది. లోపల ఊరికే ప్లాస్టిక్ షీట్ నిలబెట్టడం కూడా ఇదే కథ, వెనక మడ్డి పేరుకుంటుంది.

గోడకీ ట్యాంక్‌కీ మధ్య ఎంత సందుందో స్కేలు పెట్టి కొలిచి చెప్పండి, ప్లగ్గు ఉన్న చోట కాదు, అన్నిటికంటే ఇరుకైన చోట. ఈలోపు ఆ చార్ట్ పేపర్ పీకేయండి, తడిసిన చోట బూజు మొదలై ఉంటుంది.